డేగ గూడు పుణ్యమా అని

పార్కుకు పోయామంటే ఏదో ఒకటి ఎక్కాలి, కళ్లు తిరిగి దిగాలి, దిగాక మిర్చిబజ్జీలు తినాలి. పెట్టిన టికెట్టు డబ్బులు గిట్టుబాటు కావడానికి మనకు తెలిసిన దారి ఇదే. మా కోట్‌పల్లి నుంచి పిల్లలను పట్నం తీసుకుపోయే ఎండాకాలాలన్నీ ఈ లెక్కనే గడిచాయి. అందుకే అమ్మాయి వాళ్లుండే నగోయాకు పోయినప్పుడు, దగ్గరలోనే జిబ్లీ పార్కు ఉందని విని మనవడు ఎగిరి గంతేశాడు. తీరా లోపల కాసేపు తిరిగాక మొహం మాడ్చుకున్నాడు.

"గిదేం పార్కు తాతా, ఎక్కనీకి ఒక్కటి లేదు!"

వాడి ఫిర్యాదులో అబద్ధం పెద్దగా లేదు. మంత్రగత్తెల లోయ అనే చోట గుర్రాల రంగులరాట్నంలాంటివి ఒకటీ అరా ఉన్నాయి గానీ, పెద్ద రైడ్లేవీ ఉండవని పార్కువాళ్లే ముందుగా చెబుతారు. నడవండి, గాలి పీల్చుకోండి, కళ్లు తెరిచి చూడండి అంటారు. నిజానికి వాడికి నచ్చిన రైడు పార్కు గేటు దాకా రాకముందే అయిపోయింది. ఫుజిగావోకా నుంచి అక్కడికి లినిమో అనే రైలు నడుస్తుంది. అయస్కాంతాల బలంతో పట్టాలను తాకకుండా తేలిపోతూ పోతుంది.

హయావో మియజాకి, ఇసావో తకహత, తోషియో సుజుకి కలిసి 1985లో మొదలుపెట్టిన స్టూడియో జిబ్లీ బొమ్మల సినిమాలకు పేరు. వాళ్ల 'స్పిరిటెడ్ అవే' 2003లో ఆస్కార్ కొట్టింది. అంత పేరున్నవాళ్లు తలుచుకుంటే మెలికలు తిరిగే రోలర్ కోస్టర్లు కట్టలేకనా? వాళ్లు కట్టింది ఒక ఇల్లు. 1988లో వచ్చిన 'మై నైబర్ టొటోరో'లో సత్సుకి, మెయి అనే అక్కాచెల్లెళ్లు 1950ల నాటి పల్లెలో ఉండే ఇల్లు అది. చెక్కతో, పాత పద్ధతిలో, నిజంగా కాపురముండేట్టు కట్టారు. బయట చేతిపంపు, లోపల వంటిల్లు, పుస్తకాలు పేర్చుకున్న తండ్రి గది. మన మ్యూజియాల్లో మొదట కనబడేది 'తాకరాదు' అన్న బోర్డు. ఇక్కడ సొరుగులు లాగి చూడవచ్చు, అల్మారా తలుపులు తీయవచ్చు. లాగితే లోపల బట్టలు మడతపెట్టి ఉంటాయి. సినిమాలో ఎన్నడూ చూపించని సొరుగులో కూడా సామాను సర్దిపెట్టినవాడి ఓపికకు దండం పెట్టాలనిపించింది. ఎక్కనీకి లేదని అలిగిన మా వాడు కూడా ఆ సొరుగుల దగ్గర నుంచి ఓ పట్టాన కదల్లేదు.

ఆ ఇల్లు అక్కడికి ఎలా వచ్చిందన్నది ఇంకో కథ. 2005లో నగోయా ఉన్న ఐచి రాష్ట్రంలో అంతర్జాతీయ ఎక్స్‌పో జరిగింది. దాన్ని మొదట ఇప్పటి జిబ్లీ పార్కుకు పక్కనున్న సెటో ఊరి కైషో అడవిలో పెట్టాలనుకున్నారు. అడవి పోతుందని జనం అడ్డుపడుతుండగా, 1999లో అక్కడ డేగ గూడు కనబడింది. గొడవ ముదిరి, చివరికి ప్రధాన వేదికను నగకుతెలో అప్పటికే ఉన్న పార్కుకు మార్చారు. ప్రకృతి జ్ఞానం అన్న మకుటంతో జరిగిన ఆ ఎక్స్‌పో కోసమే సత్సుకి, మెయిల ఇల్లు కట్టారు. ఎక్స్‌పో అయిపోయినా ఇల్లు నిలిచింది. దాని చుట్టూ 2022 నవంబరు 1న జిబ్లీ పార్కు తెరుచుకుంది, 2024 మార్చిలో మంత్రగత్తెల లోయతో పూర్తయింది. ఒక డేగ గూడు పుణ్యమా అని అడవీ మిగిలింది, ఈ ఇల్లూ ఈ చోటికి చేరింది.

పార్కును తీర్చిదిద్దింది మియజాకి కొడుకు గోరో. ఆయన చదివింది అడవుల శాస్త్రం, సినిమాల్లోకి రాకముందు చేసింది పార్కులూ తోటలూ వేసే పని. ఉన్న చెట్లను కొట్టకుండా, ఖాళీల్లోనే కట్టడాలు కుదుర్చుకుంటూ పోయారు. అందుకే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే చెట్ల మధ్య నుంచి చాలా దూరం నడవాలి. మోకాళ్లు మొరాయించాయి గానీ మనసు మొరాయించలేదు.

తోక్యో పక్కన మితకలో వీళ్లదే మ్యూజియం ఒకటి 2001 నుంచి ఉంది. గోరోనే దానికి తొలి డైరెక్టర్. టికెట్టు ముందే కొనుక్కోవాలి, గేటు దగ్గర దొరకదు. లోపల ఫొటోలు తీయనివ్వరు, కళ్లతో చూసి మనసులో పెట్టుకుపొమ్మంటారు. అక్కడి చిన్న థియేటర్లో ఆడే పొట్టి సినిమాలు అక్కడా, జిబ్లీ పార్కులోనూ తప్ప బయట దొరకవు. టొటోరో సినిమాలోని పిల్లిబస్సు మెత్తటి బొమ్మగా ఉంది గానీ, అందులోకి చిన్నపిల్లలకే ప్రవేశం, తాతలకు లేదు. సెల్ఫీ లేకపోతే పోయినట్టే కాదనుకునే ఈ కాలంలో ఫోను జేబులో పెట్టించగలగడం మామూలు విషయమా! మా కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీద ఆదివారం నిలబడి చూడండి. పట్నం నుంచి వచ్చినవాళ్లలో సగం మంది చెరువుకు వీపు తిప్పి నిలబడతారు.

మా పిల్లలకు జపాన్ కొత్తేమీ కాదు. తెలుగులో మాట్లాడే డోరేమాన్‌ను చూస్తూనే అన్నం తిన్నారు. నోబిత, షిజుక వాళ్లకు పక్కింటి పిల్లలే. డోరేమాన్ సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో పేరిట కవాసకిలో 2011లో మ్యూజియం వెలిసింది. దాని మేడ మీద ఎక్కడికైనా తీసుకుపోయే తలుపుతో పాటు, ఖాళీ స్థలంలో నోబిత గ్యాంగు ఎక్కి కూర్చునే సిమెంటు పైపులు కూడా పెట్టారు. వాటి పక్కన నిలబడి ఫొటో దిగడానికి జనం వరస కడతారు. మిషన్ భగీరథ పనులప్పుడు మా రోడ్ల పక్కన నెలల తరబడి పడి ఉన్న పైపుల్లో మా పిల్లలు దూరి ఆడుకున్నదీ అదే ఆట కదా. వాళ్ల పైపు మ్యూజియం ఎక్కింది, మనది భూమిలోకి పోయింది.

ఆలోచిస్తే అసలు తేడా ఇక్కడే ఉందనిపిస్తుంది. వాళ్లు ముందు తమ ఊరిని చూశారు, తర్వాత గీశారు, ఆ తర్వాతే పార్కు కట్టారు. మియజాకి తానుండే తొకొరొజవ దగ్గరి సయామ గుట్టల్లో తిరిగి తిరిగి టొటోరోను పుట్టించాడు. ఆ జంతువు ఉండేది పెద్ద కర్పూర చెట్టులో. ఒకప్పుడు మన హారతి కర్పూరం తీసింది ఆ జాతి చెట్టు నుంచే. సినిమా వచ్చాక ఆ గుట్టలను ఇళ్ల ప్లాట్ల నుంచి కాపాడుకోవడానికి జనం టొటోరో పేరుతో చందాలు పోగేసి, 1991లో మొదటి ముక్క అడవిని కొన్నారు. ఇప్పుడు అలాంటి ముక్కలు అరవైకి పైనే ఉన్నాయి. బొమ్మ పుణ్యాన చెట్టు బతికింది.

మన దగ్గర చెట్లు లేకనా? పట్నం నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు పక్కలా దాదాపు 900 మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తామంటే వాటి కోసం ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా పోయి కొట్లాడాల్సి వచ్చింది. కథలు లేకనా? ఏ మర్రి మీద ఏ దయ్యం ఉంటదో, ఏ ఊడ పట్టుకుని ఊగుతదో మా అవ్వకు నోటికి వచ్చు. గీసేవాళ్లు లేకనా? ఛోటా భీమ్ పుట్టిందే హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ స్టూడియోలో, 2008 నుంచి దేశమంతా చూస్తోంది. మన రామాయణాన్ని బొమ్మల సినిమాగా తీయడానికి మాత్రం జపాన్ నుంచి యూగో సాకో రావాల్సి వచ్చింది. 1983లో ఇక్కడికి డాక్యుమెంటరీ తీయవచ్చి రామకథతో ప్రేమలో పడ్డాడు. మన యానిమేటర్ రామ్ మోహన్‌తో కలిసి 1992లో సినిమా పూర్తి చేశాడు. అది తెలుగు మాటలతో మన థియేటర్లకు చేరేసరికి 2025 జనవరి అయింది.

ఇప్పుడు మా దగ్గరి అనంతగిరి గుట్టల చుట్టూ రిసార్టులు లేస్తున్నాయి. రేపో మాపో ఎవరో ఒకరు కోట్‌పల్లి కట్ట మీద ఫైబర్ టొటోరో బొమ్మ నిలబెట్టి, పక్కన హార్ట్ గుర్తు పెట్టి, టికెట్టు పెడతారని నా భయం. దయచేసి ఆ పని చేయకండి. టొటోరోకు ఇల్లుంది. హైదరాబాద్ స్టూడియోల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని పరాయి దేశాల కోటలు గీస్తున్న పిల్లలూ, ఒక్క ఆదివారం చేవెళ్ల రోడ్డు మీద బండి ఆపండి. మర్రి కింద కూర్చోండి, ఊళ్లో ముసలమ్మను పలకరించి ఆ చెట్టు మీద ఎవరుంటారో అడగండి, అక్కడే గీయడం మొదలుపెట్టండి. ముందు బొమ్మ రానివ్వండి, పార్కు సంగతి తర్వాత చూసుకుందాం.