అత్తయ్యకి చదివి వినిపించిన పుస్తకాలు

మా అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్లజోడు నెల తర్వాతే అన్నారు డాక్టరుగారు. అందాకా అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయట. రోజుకి నాలుగుసార్లు చుక్కలు వెయ్యడం నా పని. మూడోరోజుకే విసుగొచ్చి, "ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతుంటావుగా అమ్మాయ్, అదేదో పైకి చదవకూడదూ!" అన్నారు.

బీఏ తెలుగు కదా, కావ్యాలే చదువుతాననుకుంటారు మా చుట్టాలు. నాది కలగాపులగం చదువు. ఏటా డిసెంబర్‌లో రాయదుర్గంలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ఎన్టీఆర్ స్టేడియం బుక్ ఫెయిర్‌కి వెళ్లి రెండు సంచులు మోసుకొస్తాను. కొండాపూర్ ఫ్లాట్‌లో చెప్పుల స్టాండు పై అర కూడా పుస్తకాలకే పోయిందని మా ఆయన గొణుగుడు.

మొదట యద్దనపూడి 'సెక్రటరీ'. కాలేజీ రోజుల్లో నాకు ఆ రాజశేఖరం దేవుడు. ఇప్పుడేమో "ఇంత పొగరేమిటయ్యా, ముందు ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడు" అనాలనిపించింది. అనేశాను కూడా. "మధ్యలో నీ గోలేంటి, చదువు" అని కసిరారు అత్తయ్య. ఆవిడకి రాజశేఖరం ఇంకా దేవుడే!

యండమూరి 'తులసిదళం' పగలే చదవాలని షరతు. కింద రోడ్డు మీద ఆఫీసు క్యాబుల హారన్లు మోగుతున్నా, పన్నెండో అంతస్తులో కూర్చుని ఇద్దరం చేతబడికి జడుసుకున్నాం. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'కి ఎంత నవ్వారంటే, నీళ్లొచ్చి కన్ను నలుపుకోబోతే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

నాలుగోవారం పి.సత్యవతిగారి 'ఇల్లలకగానే' బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టబోయాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. కోడలు అత్తగారికి వినిపిస్తే దెప్పినట్టుండదూ? పెళ్లయిన కొత్తలో వచ్చిన బీఈడీ సీటు ఆవిడ మాట మీదే వదులుకున్నాను. ఇరవయ్యేళ్లయింది, ఆ ఊసు మా ఇద్దరిలో ఎవరం ఎత్తం.

"ఏంటది, చదవవేం?" అన్నారు. చదివాను. గొంతు మామూలుగా ఉంచడానికి నానా తంటాలూ పడ్డాను.

అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లకి పేరు చెప్పింది స్నేహితురాలే కదూ?" అన్నారు.

"అవునత్తయ్యా."

"నా పేరు తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదే."

కాపురానికొచ్చిన రోజే ఆవిడ పేరు మార్చేశారట. అత్తగారిదీ అదే పేరని. ఆధార్ కార్డులో ఉన్నది కూడా ఆ పెట్టిన పేరే. కన్నకొడుకుకి, అంటే మా ఆయనకే తెలీదు. నాకు మాత్రం చెప్పారు. ఇక్కడ రాయను, అది ఆవిడ సొంతం.

"నీ సీటు సంగతి..." అని ఆగారు. చుక్కల టైమైందని లేచిపోయాను. ఎందుకు లేచానో! వినాల్సింది.

చుక్కలు వేయించుకుని, కళ్లు మూసుకునే, "ఆ పుస్తకం మీద నీ పేరు రాసుకున్నావా?" అన్నారు.

"మొదటి పేజీలో ఉంది."

"దాని కింద నాదీ రాయి. అసలుది."

రాశాను. ఒత్తు సరిగ్గా పెట్టానో లేదో రెండుసార్లు అడిగారు. మర్నాడు మళ్లీ 'తులసిదళం' తియ్యమన్నారు, మొదటినుంచీ.