తియ్యని దుంపకు కావలివాడు

ఒకచోట చిలగడదుంప. ఇంకోచోట మోరంగడ్డ. సీమలో గెనుసుగడ్డ. తెలంగాణలో కందగడ్డ, రత్నపురిగడ్డ. పేరేదైతేనేం... శివరాత్రి రోజున ఉడకబెట్టిన ముక్క నోట్లో పడితే ప్రాణం లేచొస్తుంది. పిండీ తీపీ తప్ప అందులో ఇంకేముందిలే అనుకుంటాం. నిజానికి 100 గ్రాముల పచ్చి దుంపలో ఒకటిన్నర గ్రాముల దాకా మాంసకృత్తులూ ఉంటాయి. కందిపప్పు ముందు అదో లెక్క కాదు. కానీ ఆ కాసింత ప్రొటీన్ కథ మాత్రం చిన్నది కాదు!

దుంపలోని కరిగే ప్రొటీన్లలో 60 నుంచి 80 శాతం దాకా ఒకే రకానివి. 1931లో దానికి 'ఐపోమెయిన్' అని పేరు పెట్టారు. 1985లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని మరింత శుద్ధిచేసి పరిశీలించి 'స్పోరమిన్' అన్నారు. దాన్ని తయారుచేసేది ఒక్క జన్యువు కాదు, ఓ ఉమ్మడి కుటుంబం. అందులో ఎ, బి అని రెండు శాఖలు. మామూలుగా ఈ జన్యువులు దుంపలోనే చురుగ్గా పనిచేస్తాయి. ఆకులో నిద్రపోతుంటాయి.

నగోయా విశ్వవిద్యాలయంలో కెంజో నకమురా బృందం తుంచిన ఆకుల్ని కాడలతో సహా చక్కెర నీళ్లలో ఉంచి చూసింది. అంతే, ఆకులోని జన్యువులూ మేలుకున్నాయి! అంటే చక్కెర సమృద్ధిగా అందడమే 'ఇక దాచుకో' అన్న కబురన్నమాట. ఆకును గాయపరిచినా స్పోరమిన్ తయారవుతుంది. నిల్వ సరుకుకి గాయంతో పనేంటి?

అక్కడే ఉంది అసలు కిటుకు. మనం తిన్న మాంసకృత్తుల్ని ముక్కలు చేసేది క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్. పురుగుల పొట్టలోనూ అలాంటివే ఉంటాయి. స్పోరమిన్ ఆ ట్రిప్సిన్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. పురుగు తింటుంది, కానీ అరగదు! 1997లో తైవాన్ శాస్త్రవేత్తలు స్పోరమిన్ జన్యువును పొగాకు మొక్కలో పెడితే లద్దె పురుగుల ఎదుగుదల దెబ్బతింది. మన పొగాకు, మిరప, వేరుసెనగ రైతుల్ని ఏడిపించేదీ ఆ పురుగే.

మరి పురుగుకి చెరుపు చేసేది మనిషిని వదులుతుందా? పాపువా న్యూగినీ కొండప్రాంతాల్లో పూటపూటా ఈ దుంపే అన్నం. మాంసం పండగలకే. ఆ విందుల్లో పంది మాంసం తిన్నాక పిల్లలకు ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి... చిన్నపేగు కుళ్లిపోయేది. ఎందరో చనిపోయేవారు. ఆ జబ్బు పేరు 'పిగ్‌బెల్'. క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా విషం దానికి కారణం. ఆ విషాన్ని మామూలుగా ట్రిప్సినే ముక్కలు చేసేస్తుంది. కానీ మాంసకృత్తులు చాలని ఒంట్లో అది ఊరేదే తక్కువ. ఆ కొంచెాన్నీ దుంపలోని నిరోధకాలు అడ్డుకునేవి. 1976లో పరిశోధకులు ఇచ్చిన వివరణ ఇది. 1980ల్లో టీకాలు వేయడం మొదలయ్యాక ఆ మరణాలు బాగా తగ్గాయి.

అలాగని గడ్డను చూసి భయపడనక్కర్లేదు. ఉడికిస్తే ఆ నిరోధకాల బలం చాలావరకు పోతుంది. పప్పు, పాలు, గుడ్డు తినే ఇంట్లో మిగిలింది ఇబ్బంది పెట్టదు. తప్పు దుంపది కాదు, దుంప తప్ప మరొకటి దొరకని పేదరికానిది. పచ్చిగా తినొద్దు, పిల్లల కడుపు దాంతోనే నింపొద్దు. గుర్తుంచుకోవాల్సింది ఇంతే.

వంటింటి మూల మరిచిపోయిన గడ్డకు ఎర్రటి మొలక వస్తే విసిరేయకుండా ఓసారి చూడండి. ఇన్నాళ్లూ కాపలా కాసిన ఆ ప్రొటీన్ ఇప్పుడు తానే కరిగి ఆ మొలకకు తిండి అవుతోంది.