చల్లనీళ్ళ నల్లాలో వేడినీళ్ళు

ఎండాకాలం మన ఓరుగల్లులో మధ్యాహ్నం ఏ నల్లా తిప్పినా వేడినీళ్ళే. డాబా మీది ట్యాంకు కాగితే అంతేగా! కానీ చలికాలంలో, పొద్దున్నే ఏడింటికి, చల్లనీళ్ళ నల్లాలో కాగిన నీళ్ళు వస్తే? మొన్న సంక్రాంతి ముందు మా కాశిబుగ్గ ఇంట్లో అదే జరిగింది.

అత్తమ్మకు షుగరు. పాదాల్లో స్పర్శ తగ్గింది. నీళ్ళు కాలుతున్న సంగతి తెలిసేలోపే చర్మం కమిలిపోతుంది. అదే నా భయం.

వచ్చిన ప్లంబరు సోలార్ హీటరే మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. డాబా ఎక్కి, సోలార్‌కు వెళ్ళే పైపు జోలికి పోకుండా, ఇంట్లోకి దిగే చల్లనీళ్ళ పైపు వాల్వు మాత్రం కట్టేశాను. కిందికొచ్చి అత్తమ్మ బాత్రూంలో చల్లనీళ్ళ నల్లా తిప్పాను. పైపులో మిగిలినవి పోయాక చుక్క కూడా రాకూడదు. వేడినీళ్ళు ధారగా వచ్చాయి! అంటే ఇంట్లో ఎక్కడో రెండు పైపులూ కలుస్తున్నాయి.

ఒక్కో బాత్రూం చూస్తూ పోతే పైఅంతస్తులో దొరికింది. మా అబ్బాయి మిక్సర్ నాబ్‌లు రెండూ తెరిచే ఉంచి, చేతి షవరు మీటతో నీళ్ళు ఆపేస్తున్నాడు. బయటికి దారిలేని వేడినీళ్ళు, కింద నల్లా తిప్పగానే చల్లటి పైపులోకి మళ్ళుతున్నాయి.

నాబ్‌లు కట్టేయగానే కింద వేడి ఆగింది. తర్వాత మిక్సర్‌కు రెండు వైపులా నాన్ రిటర్న్ వాల్వులు పెట్టించాం. వాటి మీది బాణం గుర్తు నీళ్ళు పోయే వైపే ఉండాలి, దగ్గరుండి చూసుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే ఈ పరీక్ష మీరూ చేసి చూడండి. కాసేపటి పనే. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ ముందు నన్ను చెయ్యి పెట్టి చూడమంటుంది. చూస్తాను.