వేసవిలో శ్రీహరికోట దారి

వేసవి సెలవులనగానే తెలుగు కుటుంబాలకు అమ్మమ్మగారి ఊరో, తిరుమల కొండో, చేతిలో కాస్త డబ్బు ఆడితే ఊటీయో తలపుకు వస్తాయే తప్ప, ఐరోపా వారికి మధ్యధరా సముద్రపు దీవులు తలపుకు వచ్చినట్లు ఏ దీవీ రాదు. అయితే నెల్లూరు తీరపు దక్షిణ కొసన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ, ఉత్తర దక్షిణాలుగా సాగిన శ్రీహరికోట అనే సన్నని ఇసుక నేల అచ్చమైన దీవే. అలలూ తీరం వెంబడి సాగే ప్రవాహాలూ మోసుకొచ్చిన ఇసుక గట్టుకు సమాంతరంగా మేటవేసి, వెనక నున్న నీటిని సముద్రం నుంచి వేరుచేయగా ఏర్పడే ఇటువంటి నేలను భూగోళ శాస్త్రంలో అవరోధ దీవి అంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరాయి గాని, అక్కడి మాటతీరూ చేపల పులుసూ ఇప్పటికీ నెల్లూరివే.

పదో తరగతి పరీక్షలు ముగిసి ఇంటర్‌లో చేరేలోగా దొరికే ఆ కొద్ది వారాలలో, తల్లో తండ్రో బిడ్డను వెంటబెట్టుకొని నెల్లూరు నుంచి ఈ దీవికి పోయే దారి సుమారు నూట ఇరవై కిలోమీటర్లు. ఆ తరువాత హాస్టలు, కోచింగు, ర్యాంకుల లెక్క మొదలవుతాయి కనుక పిల్లలు పెద్దవాళ్లతో తీరికగా తిరిగే చివరి వేసవి చాలా ఇళ్లలో ఇదే. చిక్కల్లా ఏమిటంటే, బడి క్యాలెండరుకూ ఈ తీరపు క్యాలెండరుకూ పొత్తు కుదరదు. నెల్లూరు తీరానికి ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది. ఏరులు పారేదీ, సరస్సు నిండేదీ, పక్షులు దిగేదీ అప్పుడే. సెలవులు మాత్రం కత్తిరి ఎండల్లో, అంటే మే నెలలో కాచే అతి తీవ్రమైన ఎండల్లో వస్తాయి. మధ్యధరా దీవులలోనూ వాన పడేది శీతకాలంలోనే, వేసవి పొడిగానే ఉంటుంది. కాకపోతే అక్కడ దీవి చుట్టూ నీరు కదలక నిలిచి ఉంటుంది, ఇక్కడ సెలవులు వచ్చేసరికి ఒక వైపు నీరు తప్పుకొంటుంది.

నెల్లూరు దాటి దక్షిణంగా పోయే పదహారవ నంబరు జాతీయ రహదారి ఒకదాని తరువాత ఒకటిగా ఏరులను దాటుతుంది. గూడూరు దగ్గర పంబలేరు, నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి, సూళ్లూరుపేటలో కాళంగి అన్నీ పడమటి కొండల నుంచి తూర్పుకు పారే చిన్న నదులు. మే నెలలో వంతెన మీది నుంచి చూస్తే వాటిలో ఇసుకా, తుమ్మచెట్లూ, అక్కడక్కడ చెలమలూ తప్ప మరేమీ కనిపించవు. ఇంత పొడవైన వంతెనలు దేనికని పిల్లలు అడగడం సహజం. దానికి జవాబు 2021 నవంబరులో దొరికింది. ఆ నెల వరదల్లో నెల్లూరుకు ఉత్తరాన పడుగుపాడు వద్ద పెన్న నీరు రైలు కట్టను కోసివేసి, ఇదే రహదారిని తెంపి, మద్రాసు దారిని కొన్నాళ్లు ఆపివేసింది. ఎండిన ఏటిని చూసి నదిని అంచనా వేయకూడదన్న సంగతి ఈ తీరంలో పెద్దలకు అనుభవం, పిల్లలకు పాఠం. గూడూరు నిమ్మకాయల మండీ, దారి పొడవునా తాటాకు చలవ పందిళ్ల కింద కోసి ఇచ్చే ముంజలు తప్ప ఈ నడుమ ఆగవలసినవి ఎక్కువ లేవు.

దొరవారిసత్రం దగ్గర దారికి కొంచెం పక్కన నేలపట్టు ఉంది. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ చెరువులో, నీటిలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను లేపుతాయి. ఇవి మేతకు పులికాట్ సరస్సుకు ఎగిరి వెళ్లి, చేపలను గొంతు కింది సంచిలో మోసుకొచ్చి పిల్లలకు పెడతాయి. అంటే గూడు మంచినీటి చెరువులో, వంటిల్లు ఉప్పునీటి సరస్సులో. రెండింటిలో ఏది చెడినా సంసారం చెడుతుంది. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని ఊరివారు నమ్ముతారు, అందుకే అటవీ శాఖ బోర్డు పెట్టకముందు నుంచీ వాటిని కాపాడుతూ వచ్చారు. మార్చి దాటితే గూళ్లు ఖాళీ అవుతాయి. సూళ్లూరుపేట కేంద్రంగా 2001 నుంచి జరుపుతున్న ఫ్లెమింగో పండుగ జనవరి ప్రాంతంలో వచ్చేది అందుకే. వేసవిలో వచ్చిన కుటుంబానికి కొమ్మల మీద పుల్లల గూళ్లు, వాటి కింద సున్నం చల్లినట్లు తెల్లబడిన ఆకులు మాత్రమే మిగులుతాయి.

సూళ్లూరుపేటలో దారి తూర్పుకు తిరుగుతుంది. అక్కడ కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడికి తలుపులు లేవు. రేయింబవళ్లు అమ్మవారి దర్శనం చేసుకోవచ్చు. తలుపులు బిగించాలని ఒకప్పుడు తెచ్చిన చెక్కలు చిగురించి చెట్టయ్యాయని స్థలకథ చెబుతుంది. ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు ఈ గుడికి వచ్చి పూజ చేయించుకోవడం ప్రతిసారీ పత్రికల్లో వచ్చే వార్తే. రాకెట్టుకూ అమ్మవారికీ సంబంధమేమిటని పదిహేనేళ్ల పిల్లలు తప్పక అడుగుతారు, పెద్దలు తడుముకొంటారు; ఆ వాదం ఏ కొసకు చేరకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఇంట్లో ఫోనులోంచి తల ఎత్తని పిల్లలు ఈ విషయం మీద మాత్రం చాలా దూరం మాట్లాడతారు.

ఊరు దాటిన కొద్దిసేపటికి దారి సరస్సులోకి దిగుతుంది. ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దానిలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. నదుల మంచినీరూ, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరూ కలిసే చోటు కనుక దీని ఉప్పదనం ఋతువును బట్టి మారుతుంది. వానల కాలంలో దాదాపు చప్పగా ఉండే నీరు, వేసవికి సముద్రం కంటే ఉప్పగా తయారవుతుంది. చాలా చోట్ల లోతు మనిషి నడుము దాటదు. శీతకాలంలో రోడ్డుకు ఇరుపక్కలా నీరు పరుచుకొని, రాజహంసలని స్థానికులు పిలిచే ఫ్లెమింగోలు వంకర ముక్కును తలకిందులుగా ముంచి, నీటిలోని నాచునూ చిన్న జీవులనూ వడగట్టుకొని తింటూ కనిపిస్తాయి. వాటి రెక్కల గులాబి రంగు ఆ తిండి లోనిదే.

మే నెలలో ఈ దృశ్యం పూర్తిగా మారిపోతుంది. రోడ్డుకు ఉత్తరాన సరస్సు అడుగు చాలా మేర బయటపడి, పగుళ్లు తీసిన బంకమట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకొంటుంది. కట్ట దిగి నాలుగడుగులు వేస్తే పైపొర అప్పడంలా విరుగుతుంది. దాని కింద నల్లని తడి బురద, కుళ్లిన నాచు వాసన, వేలి గోరంత గుల్లలు. దూరాన ఎండమావి నీరులా మెరిసి, సరస్సు ఇంకా ఉన్నదేమో అనిపిస్తుంది. ఇది ప్రకృతి సహజమైన ఎండుదల మాత్రమే కాదని పరిశోధకులు చెబుతారు: ఒకటి, సరస్సును అడ్డంగా కోసిన ఈ రోడ్డు కట్ట కింద నీరు అటూ ఇటూ పారడానికి ఉంచిన తూములు చాలినన్ని కావు, రెండు, రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోయి ఆటుపోట్ల నీరు లోపలికి రావడం తగ్గింది. పూడిక తీయమని జాలర్లు ఎన్నో ఏళ్లుగా కోరుతున్నారు. దేశం గర్వించే రాకెట్లు ఈ రోడ్డు మీదుగానే దీవికి చేరాయన్నది ఎంత నిజమో, ఆ రోడ్డు ఖర్చులో కొంత సరస్సు భరించిందన్నదీ అంతే నిజం. బిడ్డకు మొదటిది చెప్పి రెండవది దాచడం సగం చదువే అవుతుంది.

దారి మధ్యలో అటకానితిప్ప అనే ఊరు ఉంది. తిప్ప అంటే నీటి నడుమ మెరకగా లేచిన దిబ్బ. ఈ సరస్సులో వేనాడు, ఇరకం వంటి దీవులు ఇంకా ఉన్నాయి, ఇరకానికి తడ వైపు భీములవారిపాళెం నుంచి పడవలో పోతారు. సెలవుల కాలం మరొక సంగతితోనూ ముడిపడి ఉంది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే ఋతువు కనుక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలో వేటకు పోరాదు. అందువల్ల ఆ రోజుల్లో పూటకూళ్ల ఇంట్లో వడ్డించే నెల్లూరు పులుసులోకి కడలి చేప కంటే చెరువు కొరమీనో బొమ్మిడాయో వచ్చే అవకాశమే ఎక్కువ. అయితే ఆ పులుసుకు పేరు తెచ్చిన పుల్లమామిడి కాయ దొరికేదీ అప్పుడే. చింతపండు పులుసు మరిగాక వేసిన మామిడి ముక్క మెత్తబడి, టెంకకు అంటుకొని, గిన్నె అడుగున మిగిలితే దానికోసం పిల్లలతో పెద్దలు పోటీ పడటం ఈ జిల్లా మర్యాదే.

దారి దీవిని చేరే చోట సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం కావలి గుమ్మం వస్తుంది. 1969లో ఎంపిక చేసిన ఈ చోటు నుంచి 1971 అక్టోబరు 9న రోహిణి అనే చిన్న పరిశోధక రాకెట్టును మొదటిసారి ఎగరవేశారు. 1979లో ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయత్నం విఫలమై, 1980 జులై 18న సఫలమైంది. 2025 జనవరి 29న నూరవ ప్రయోగం జరిగింది. ఈ దీవినే ఎందుకు ఎంచుకొన్నారో పెద్దలకంటే పిల్లలే బాగా చెప్పగలరు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక ఈ అక్షాంశం దగ్గర నేల మీది ప్రతి వస్తువుకూ క్షణానికి సుమారు 450 మీటర్ల వేగం ముందే ఉంటుంది. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు అది ఉచితంగా దక్కుతుంది, పైగా విడిపోయిన దశలు పడేది జనం లేని సముద్రంలో. ధ్రువ కక్ష్యకు, అంటే ఉత్తర దక్షిణాలుగా తిరిగే కక్ష్యకు పోయే రాకెట్టు మాత్రం శ్రీలంకను తప్పించుకోవడానికి ఆగ్నేయంగా పోయి మలుపు తిరగాలి, ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండవ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరగడానికి ఒక కారణం ఇదే.

దీవికి రాకెట్టు కంటే పాత చరిత్ర ఉంది. ఇక్కడి అడవి ఉష్ణమండల పొడి సతతహరిత జాతిది, అంటే ఎండకాలంలోనూ ఆకు రాల్చని గుబురు చెట్లది. తూర్పు తీరంలో ఇటువంటివి ఇప్పుడు బహు కొద్ది. పూర్వం ఇక్కడి వంటచెరకు బకింగ్‌హామ్ కాలువ పడవల్లో మద్రాసుకు పోయేది. తేనె, దుంపలు, చేపలు, పీతలు బతుకుతెరువుగా ఈ అడవిని ఆకు ఆకునా ఎరిగినవారు యానాదులు. అంతరిక్ష కేంద్రం కోసం భూమి తీసుకొన్నప్పుడు వారితో పాటు ఇతర గ్రామస్థులూ చాలామంది తరలిపోయారు. వారు వదలిపోయిన పశువులు అడవిబారి నేటికీ మందలుగా తిరుగుతున్నాయి. అంతరిక్ష చరిత్రలో ఈ అధ్యాయానికి రెండు వాక్యాలకు మించి చోటు దక్కకపోవడం న్యాయం కాదు.

సెలవుల్లో ప్రయోగం చూసే అదృష్టం కొందరికే పడుతుంది. 2016 మే 23న మళ్లీ వాడదగిన వాహనపు తొలి పరీక్ష, 2017 మే 5న దక్షిణాసియా ఉపగ్రహం, 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఇక్కడి నుంచి వెళ్లినవే. 2025 మే 18న వేకువన లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడవ దశలో విఫలమైంది. గుమ్మం దాటి దీవిలో స్వేచ్ఛగా తిరగడం సందర్శకులకు కుదరదు. ప్రయోగాలు చూడటానికి 2019 మార్చిలో తెరిచిన వీక్షణశాలలో చోటు కోసం తేదీ ప్రకటించాక ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ తేదీలు వాతావరణాన్ని బట్టీ, రాకెట్టు సిద్ధమైన తీరును బట్టీ జరుగుతుంటాయి కనుక, రానుపోను టికెట్లు నెల ముందే కొనుక్కొన్నవారు చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగివస్తారు. నెల్లూరు, చెన్నై ప్రాంతాలవారికి ఆ బెడద లేదు, చెన్నై లోకల్ రైలు సూళ్లూరుపేట దాకా వస్తుంది. బిడ్డతో పోదలచిన వారు ప్రకటన వెలువడగానే పేరు నమోదు చేసుకొని, గుర్తింపు కార్డులూ రెండు సీసాల మంచినీళ్లూ సర్దుకొని, ఎండ ముదరకముందే బయలుదేరితే మంచిది.