ఆరవ తరగతిలో చేరిన బిడ్డ



వేసవి సెలవులు ముగిసి జూన్ మాసమున బడులు తెరచునప్పుడు, మన పల్లెలలో ఐదవ తరగతి ముగించిన పిల్లలు ఊరిబడిని విడిచి ఉన్నత పాఠశాలలో ఆరవ తరగతియందు చేరుదురు. తండ్రులు సంచియు, చెప్పులును, శక్తి యున్నచో సైకిలును కొనిపెట్టి తమ పని తీరినదనుకొందురు. తల్లులు దేవునికి దండము పెట్టించి, పెరుగన్నము తినిపించి పంపుదురు. అటుపిమ్మట రెండు మాసములు గడచునో లేదో, పాలకేంద్రము వద్ద గిన్నెలు పట్టుకొని నిలిచిన ఆడువారి నోట "మావాడు నోరు తెరచి మాటాడుటయే మానినాడు" అనియు, "మా పిల్లకు చదువు రాదట" అనియు మాటలు వినవచ్చుచుండును. ఈ రెండు మాసములలో ఆ బిడ్డకేమి జరిగినదో, అందు తల్లి చేయదగినదేమో నాకు తోచినంత మీతో ముచ్చటింప దలచితిని.

నేను బడిమొగము చూచినదానను గాను. మా తండ్రిగారు తెలుగు పండితులగుటచే నాకు ఇంటనే అమరమును, భారత భాగవతములను చెప్పినారు. మావారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. పదునాలుగేండ్లుగా సాయంకాలమున మా యరుగు పిల్లలతో నిండియే యుండును. కావున పాఠములను గూర్చి చెప్పు అధికారము నాకు లేకున్నను, పిల్లలను గూర్చి కొంత చెప్పగలను.

ఊరిబడిలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్నియు చెప్పుదురు. ఈ పిల్లవాడు ఎవరి బిడ్డయో, ఎడమచేత వ్రాయునో కుడిచేత వ్రాయునో, గట్టిగా మాటాడినచో బెదరునో లేదో సమస్తము వారికెరుకయే. ఉన్నత పాఠశాలలో తెలుగునకు ఒకరు, హిందీకి ఒకరు, ఇంగ్లీషునకు, గణితమునకు, విజ్ఞానశాస్త్రమునకు, సాంఘికశాస్త్రమునకు వేరువేరుగా ఒక్కొక్కరు. గంట కొట్టగానే ఒకరు పోయి మరొకరు వత్తురు. ఒకరికి గీతలు గీచిన పుస్తకము కావలయును, ఒకరికి తెల్లని పుస్తకము. ఒకరు ప్రశ్న అడుగుమందురు, ఒకరు అడిగినచో కన్నెర్ర చేయుదురు. ఏప్రిల్ నెల వరకు బడికెల్ల పెద్దవాడై, చిన్నపిల్లల చేయిపట్టి రోడ్డు దాటించినవాడు, జూన్ నెలకు మీసములు మొలచుచున్న పదవ తరగతివారి నడుమ అందరికన్న చిన్నవాడై నిలుచును.

మనకిది తెలియని దుఃఖమా? పుట్టింట ఒక్క తల్లి మనసెరిగి పెరిగిన పిల్ల, కాపురమునకు వచ్చి అత్తకొక తీరున, మామకొక తీరున, ఆడబిడ్డకొక తీరున, తోడికోడలికొక తీరున మెలగవలసిన ఆ మొదటి మాసములను తలచుకొనుడు. వంట వచ్చిన చేతులే ఉప్పెంత వేయవలెనో తెలియక వణకినవి గదా. పదునొకండేండ్ల బిడ్డ ఆరవ తరగతిలో పడు పాటు ఇట్టిదే. దానిని మందబుద్ధి యనుట అన్యాయము.

"మాకు ఇంగ్లీషు రాదు, ఆ లెక్కలు రావు, మేమేమి సాయము చేయగలము?" అని తల్లులు నన్నడుగుదురు. అట్టివారికి నేను ఛాందోగ్యోపనిషత్తులోని ఉపకోసలుని కథ చెప్పుచుందును. ఆ పిల్లవాడు సత్యకామ జాబాలుని యొద్ద పండ్రెండేండ్లు అగ్నులను సేవించెను. గురువు తక్కిన శిష్యులకెల్ల చదువు ముగించి ఇండ్లకు పంపెను గాని, ఇతనికి మాత్రము సెలవీయలేదు. ఇంత శ్రద్ధగా సేవించినవానికి చెప్పవలసినది చెప్పుమని గురుపత్ని భర్తను హెచ్చరించెను. ఆయన మాటాడక ప్రయాణమై పోయెను. పిల్లవాడు దిగులుచే అన్నము మానివేసెను. ఏల తినవని అడిగినదియు ఆ యిల్లాలే. తరువాత అతనికి అగ్నులే విద్య బోధించినవి, తిరిగివచ్చి గురువును బోధించెను. విద్య చెప్పినవారిలో ఆమె లేదు. అయినను ఆ యింట బిడ్డ అన్నము ముట్టకున్నాడని మొదట చూచిన కన్ను ఆమెది. చదువు చెప్పువారికి కనబడనిది అన్నము పెట్టువారికి కనబడును.

ఈ మాట కథకు మాత్రమే చెల్లునని కొందరనుకొనవచ్చును. మా వీధి చివరనున్న యొక పిల్ల సంగతి వినుడు. ఊరిబడిలో మిక్కిలి చురుకైనది. రెండేండ్ల క్రిందట ఉన్నత పాఠశాలలో చేరినది. ఆ బడి పేరు ఇచట చెప్పను. శ్రావణమాసము వచ్చుసరికి ప్రొద్దున ఇడ్డెన ముట్టదు, గుక్కెడు నీరు త్రాగదు. సాయంకాలము ఇల్లు చేరగానే చెంబెడు నీళ్లు గటగట త్రాగి చాపమీద పడును. పొత్తికడుపున నొప్పి యనును, మూత్రమున మంట యనును. వారమునకు రెండు దినములు బడికి నాగా. నాయనమ్మ దిష్టి తీసినది. తల్లి రొయ్యల షెడ్డు పనికి వేకువనే పోవునది. తండ్రి "చదువు రానిదాని సాకులివి. మాన్పించి చంటివాని చూచుకొనుటకు ఇంట నుంచుదము" అని తేల్చివేసినాడు. ఒకనాటి రాత్రి ఆ తల్లి మా గుమ్మము కడకు వచ్చి, "అమ్మగారూ! మాష్టారితో చెప్పి మా పిల్ల సర్టిఫికెట్టు ఇప్పించండి. రేపటినుంచి మానిపించేస్తున్నాం" అన్నది. చెప్పుచున్నంతసేపు ఆమె కొంగు నులుముచునే యున్నది. తనకా పని ఇష్టము లేదని నాకు తెలియుచునే యున్నది.

"పిల్లను రేపు సాయంకాలము నా దగ్గరకు పంపు, ఆ తరువాత చూతము" అంటిని. మరునాడు ఇద్దరము చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచు కూర్చుంటిమి. నేను బడి మాట ఎత్తలేదు. సగము కాయలైన పిదప, "నీళ్లు త్రాగవట, ఎందుకు తల్లీ?" అంటిని. ఆ పిల్ల తలయెత్తకయే చెప్పినది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదట. దాని వెనుకనే పెద్ద తరగతుల మగపిల్లలు బంతి ఆడుదురట. కావున తన తరగతి పిల్లలనేకులు తెల్లవారినది మొదలు సాయంకాలము వరకు నీరు త్రాగకయే గడపుచున్నారట. నాకు గుండె జల్లుమన్నది. మావారు దినమంతయు ఆ ఆవరణముననే మసలుదురు గాని, ఈ సంగతి వారి చెవినెవరు వేయుదురు?

పిల్లను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోగా, నీరు తక్కువ త్రాగుటచేతను, బిగబట్టుటచేతను మూత్రకోశమునకు వ్యాధి సోకినదని చెప్పి వైద్యురాలు మందులిచ్చినది. ఆ వారమే ముగ్గురు తల్లులు ప్రధానోపాధ్యాయుని చూచి విషయము చెప్పిరి. ఆయన మొదట నిధులు లేవన్నారు. గడియ వెల నూరు రూపాయలు లోపే గదాయని అందులో ఒకామె అనుటతో ఆయనకు మాట లేకపోయెను. మరునాడు వడ్రంగి వచ్చి బిగించిపోయినాడు. బంతి ఆట ముందరి వైపునకు మార్చిరి. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నది.

ఆ ముగ్గురు తల్లులును ఊరకే పోయినవారు కారు, పాఠశాల యాజమాన్య సంఘమున సభ్యులు. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల ఈ సంఘములందు నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండవలయును. మొత్తము సభ్యులలో సగము స్త్రీలుండవలయును. చాలచోట్ల మన పేరు వ్రాసికొని, సంతకము మాత్రము ఇంటికి పంపి పెట్టించుకొందురు. ఇకమీదట కాగితము వచ్చినప్పుడు సభ ఎప్పుడని అడుగుడు. ఈ చట్టమే మరియొక మేలు చేసినది. ఊరిబడివారు బదిలీ పత్రము వెంటనే ఈయవలయును. అది ఆలస్యమైనదను నెపముతో క్రొత్తబడివారు బిడ్డను చేర్చుకొనమనుటకు వీలులేదు.

ఇక ఇంటిలో చేయవలసిన పనికి వత్తును. సాయంకాలము బిడ్డ రాగానే "ఈ దినము బడిలో ఏమి చెప్పినారు?" అని అడుగుదుము. "ఏమీ లేదు" అని జవాబు. తప్పు బిడ్డది కాదు, ఆ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పగలరు? ఎవరి ప్రక్కన కూర్చుంటివి, మధ్యాహ్నము అన్నము ఎవరితో కలిసి తింటివి, ఆరుగురిలో ఎవరి గంట త్వరగా గడచినది, ఎవరి గంట ఎంతకును గడవలేదు, ఇట్టివి అడుగుడు. ఎదురుగా కూర్చుండబెట్టి అడిగిన విచారణ వలె నుండును. చేతులకేదేని పని యిచ్చి ప్రక్కనుండి అడిగినచో మాట తనంత వచ్చును. ఒకే పేరు మూడు దినములు "గడవలేదు" అను వైపున పడినచో, ఆ ఉపాధ్యాయుని పలుకరించి రావలసిన సమయము వచ్చినదని తెలిసికొనుడు.

పాఠములకు సైతము మనము బొత్తిగా పనికిరానివారము కాము. మా అమ్మాయికి ఇచ్చిన పుస్తకములలో ఒక పుటయందు ఇంగ్లీషును, ఎదుటి పుటయందు అదే పాఠము తెలుగునను ముద్రించియున్నారు. తెలుగు పుట నేను చదువుదును. ఇంగ్లీషు పుటలోని సంగతి అది నాకు తన మాటలలో చెప్పును. చెప్పలేక ఆగినచోటనే దానికి పాఠము తెలియలేదని ఇద్దరికిని తెలియును. ఆ చోట గురుతు పెట్టి మరునాడు బడిలో అడిగించెదను. దీనికి ఇంగ్లీషు అక్కరలేదు, అరగంట తీరిక చాలును.

హిందీ మన పిల్లలకు ఆరవ తరగతిలోనే మొదలగును. క్రొత్త లిపి చూచి బెదరుదురు గాని, అందు మన చుట్టములైన మాటలు కొల్లలు. నది, పుస్తకము, విద్యార్థి మొదలైనవి కొన్ని ఉన్నవున్నట్లే, కొన్ని తోకలు కత్తిరించుకొని అక్కడ కూర్చున్నవి. కొన్ని మాత్రము మోసపుచ్చును. మనకు ఉపన్యాసమనగా సభలో చెప్పునది, వారికి నవల. మనకు అవసరము, వారికి "అవసర్" అనగా మంచి సమయము. మా అమ్మాయి ఒకనాడు పుస్తకము తెరచి, "అమ్మా! హిందీలో చదువును శిక్ష అంటారే!" అని పకపక నవ్వినది. సంస్కృతమున శిక్ష యనగా నేర్చుటయే. వేదాంగములలో ఉచ్చారణము నేర్పు శాస్త్రమునకు ఆ పేరే కలదు. దానిని దండనముగా మార్చుకొన్నవారము మనమే.

ఆ మార్పు మన మనసులలోను కలదు. క్రొత్తబడిలో చేర్పించుచు, "కళ్లు రెండూ వదిలి తోలు ఒలిచేయండి మాష్టారూ!" అని బిడ్డ యెదుటనే అను తండ్రులను నేనెరుగుదును. ముచ్చటకన్నను, బిడ్డ చెవికది ముచ్చట కాదు. ఇంటిలో తన పక్షమున ఎవరును లేరని వాడు గ్రహించి, బడిలో జరిగినది ఇంట చెప్పుట ఆనాడే మానును. కొట్టుటయు, మనసు నొప్పించుటయు పైని చెప్పిన చట్టముచే నిషిద్ధములు.

నిదురను గూర్చి ఒక్కమాట. ఆరు నుండి పండ్రెండేండ్ల వయసు పిల్లలకు దినమునకు 9 నుండి 12 గంటల నిదుర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. బడి వదలిన వెంటనే ట్యూషను, అటుపిమ్మట టెలివిజను, ఆపై సెల్‌ఫోను, మరల వేకువన ఐదింటికి లేపుట! ఎప్పుడు నిదురించవలెను? సెల్‌ఫోను రాత్రి తొమ్మిదింటికి వంటింటి గూటిలో పెట్టవలెనను కట్టడి మా యింట కలదు. అది మావారికిని వర్తించును, అందుచే తగవులును కలవు.

ఆడపిల్లల తల్లులకు మాత్రము ఇంకొకటి చెప్పవలయును. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలోనే మన పిల్లలనేకులు పెద్దమనుషులగుదురు. అది బడిలో, మగపిల్లల నడుమ, ముందు మాట చెప్పక జరిగినచో ఆ పిల్ల భయమింతయని చెప్పరాదు. ఆరవ తరగతి చేరకముందే ఒక మధ్యాహ్నము దగ్గర కూర్చుండబెట్టుకొని ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. సంచి అడుగున ఒక చిన్న సంచిలో ప్యాడ్లను, ఒక మార్పు బట్టను పెట్టుడు. ఏ టీచరమ్మను అడుగవలెనో ముందే చూపుడు. పెద్దదైనదను నెపముతో నెలలకొలది బడి మాన్పించుట పలుచోట్ల చూచుచున్నాను. ఆ నెలలలో పోయిన గణితము ఏడాదికిని పట్టుబడదని మావారు వాపోవుచుందురు.

తల్లిదండ్రుల సమావేశములకు మీరు స్వయముగా పొండు. ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలన్నిటను ఒకేనాడు ఇట్టి సభ జరిపినారు. అడుగదలచినది చీటీమీద వ్రాసికొని పొండు, లేనిచో అక్కడి సందడిలో సగము మరతుము. వ్రాత రానివారు బిడ్డచేతనే వ్రాయించుకొనవచ్చును. మా వీధి తల్లి ఒకనాటి కూలి మానుకొని అట్లే చీటీతో పోయినది. మార్కుల కాగితము చేతికిచ్చినను చూడక, మరుగుదొడ్డి గడియ ఇంకను గట్టిగా పడుచున్నదా యని మొదట అడిగినది.