శంకర్ పాటలో మన పిలుపు

శంకర్-జైకిషన్ పేరు వినని సినిమా పాటల అభిమాని ఉండడు. ఆ ఇద్దరిలో శంకర్‌కి తెలుగు వచ్చునన్న సంగతి మాత్రం మన ధారావి, కామాటిపురా చాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరం ఉందని నాకనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

శంకర్ సింగ్ రఘువంశీ 1922 అక్టోబరు 15న పుట్టాడు. ఇంటి భాష తెలుగు కాదు గాని, పెరిగింది హైదరాబాదులో. వీధిలో విన్న తెలుగు అతని నాలుక మీద నిలిచిపోయింది. కుస్తీ పట్టాడు, తబలా నేర్చాడు. ఒక నాట్య బృందంతో కలిసి తిరిగి, చివరికి బొంబాయిలో పృథ్వీరాజ్ కపూర్ నడిపే పృథ్వీ థియేటర్స్‌లో తబలా వాద్యకారుడుగా చేరాడు. గుజరాత్‌లోని బాంస్‌డా నుంచి వచ్చిన జైకిషన్ అక్కడ హార్మోనియం వాయించేవాడు. ఇద్దరికీ జోడీ కుదిరింది. 1949లో రాజ్ కపూర్ ‘బర్సాత్’తో వాళ్ళ పేరు దేశమంతా పాకింది.

పృథ్వీ నాటకాలు ఆడిన రాయల్ ఒపేరా హౌస్ నుంచి కామాటిపురాకి నడిచి పోవచ్చు. నిజాం రాజ్యం నుంచి వచ్చి, ఈ ఊళ్ళో మేడలకీ రోడ్లకీ రాళ్ళు మోసిన మన కామాటీల పేరే ఆ పేటకు పెట్టారు. మా నాన్న కూడా పాలమూరు నుంచి అలా రాళ్ళు మోయడానికి వచ్చినవాడే. కామాటిపురాలో కొన్నేళ్ళుండి, తర్వాత ధారావికి మారాడు.

ఇక అసలు సంగతికొస్తాను. 1955లో వచ్చిన ‘శ్రీ 420’లో ‘రామయ్యా వస్తావయ్యా’ పాట ఉంది. ఖండాలా దారిలో ఒక హోటల్లో రామయ్య అనే తెలుగు కుర్రవాణ్ణి శంకర్ అలా పిలిచేవాడనీ, ఆ పిలుపే పల్లవి అయిందనీ చెబుతారు. పాట రాసిన శైలేంద్ర ఒకప్పుడు మాటుంగా రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు. మా ధారావికి అది పక్కనే. పక్కన హిందీ ఎంత రాసినా, ఆ తెలుగు పిలుపును అతను అనువదించలేదు. అలాగే ఉంచేశాడు.

ఉంచినందుకు నేనతనికి దండం పెడతాను. ఎందుకంటే ఆ పిలుపు హిందీలోకి రాదు. ‘వస్తావు’ అనేది చనువు. దాని చివర ‘అయ్యా’ చేరితే మర్యాద, బతిమాలడం, కొంచెం నిష్ఠూరం అన్నీ కలుస్తాయి. మన అమ్మలు బిడ్డనూ అలాగే పిలుస్తారు, దేవుణ్ణీ అలాగే పిలుస్తారు. హిందీ వాళ్ళ నోట ‘రా’ దీర్ఘం పోయి ‘రమయ్యా’ అయింది. పోతే పోయింది, పిలుపు నిలిచింది.

సినిమాలో ఆ పాట ఎవరిదో కూడా గమనించాలి. డబ్బున్నవాళ్ళ విందు విడిచి వచ్చిన కథానాయకుడికి, ఫుట్‌పాత్ మీద బతికే కష్టజీవులు పాడుకుంటూ వినిపిస్తారు. లతా, రఫీ, ముఖేష్ ముగ్గురూ గొంతు కలిపారు. బొంబాయి పేదల నోట తెలుగు వినిపించడం కల్పన కాదు. అది ఈ ఊరి నిజం.

శంకర్ పనితనం ఈ ఒక్క పాటతో తేలేది కాదు. ‘బసంత్ బహార్’లో (1956) మన్నాడే ఎదుట భీమ్‌సేన్ జోషీనే నిలబెట్టి పాడించిన జంట అది. 1968లో ‘రాగా జాజ్ స్టైల్’ అనే రికార్డులో తోడి, భైరవి, శివరంజని వంటి పదకొండు రాగాల్ని రయీస్ ఖాన్ సితారుతో, జాజ్ వాద్యాలతో వినిపించారు. ఆ ఏడే పద్మశ్రీ వచ్చింది. ఫిల్మ్‌ఫేర్ బహుమతులు తొమ్మిది. తెలుగులో ‘జీవిత చక్రం’కి (1971) సంగీతమిచ్చారు. ఆ ఏడే సెప్టెంబరు 12న జైకిషన్ పోయాడు. శంకర్ మాత్రం 1987 ఏప్రిల్ 26న తాను కన్నుమూసేదాకా శంకర్-జైకిషన్ పేరుతోనే పనిచేశాడు. పోయినవాడి పేరు తన పేరు పక్కనుంచి తీయలేదు.

నేను తోలు సంచులు కుట్టే కార్ఖానాలో చాలా ఏళ్ళు పనిచేశాను. అక్కడ బీహారు కుర్రాడూ, తమిళ తంబీ, మరాఠీ భావూ అందరూ ఈ పాట పాడేవాళ్ళు. “దీనికి అర్థమేమీ లేదు, ఊరికే తాళం కోసం పెట్టారు” అనేవాళ్ళు. అర్థముంది, అది మా భాష అని నేను చెప్పినప్పుడు మిషన్లు ఆపి మరీ విన్నారు. అంతవరకు వాళ్ళకి నేను ‘మద్రాసీ’ని.

పరాయివాళ్ళకి తెలియకపోవడం తప్పు కాదు. మన పిల్లలకే తెలియకుండా పోతున్నదని నా బెంగ. మునిసిపల్ తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. ఇంట్లో తెలుగులో పిలిస్తే హిందీలో జవాబిస్తున్నారు. 2013లో ఆ పిలుపే ఒక హిందీ సినిమాకీ, ఒక తెలుగు సినిమాకీ పేరైంది. 2023లో ‘జవాన్’ పాటలోనూ వినిపించింది. మా మనవరాలు దానికి గంతులేసింది. ఆమెను కూచోబెట్టి ‘వస్తావు’కీ, ‘వస్తారు’కీ, ‘వస్తావయ్యా’కీ తేడా చెప్పాను. ఆ సాయంత్రం కిందనుంచి నన్ను “తాతయ్యా, వస్తావయ్యా?” అని పిలిచింది. చాళ్ళో నలుగురూ నవ్వారు. నేను దిగి వెళ్ళాను.

తెలుగు మనది అనుకోవడానికి ఇంటి భాషే తెలుగు కానక్కరలేదని శంకర్ చూపించాడు. ఇంటి భాషే తెలుగైనవాళ్ళం మనం. మీ ఇంట్లో ఈ పాట మోగినప్పుడు, పక్కనున్న పిల్లవాడికి ఆ మొదటి రెండు మాటల అర్థం చెప్పండి. అయిదు నిమిషాల పని.