నంద్యాల నుండి ఆళ్లగడ్డ వరకు: ఒక పల్లెబడి సంగతి

గుంటూరు నుండి నంద్యాల వెళ్లే రైలు దిగువమెట్ట దాటిన తరువాత నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. సొరంగంలో చీకటి కమ్మగానే పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు వేస్తారు. 2025 జూలై నెలలో మేమిద్దరమూ ఆ కేకలు వింటూ ప్రయాణం చేసి నంద్యాలలో దిగాము. ఆళ్లగడ్డ దగ్గర ఒక చిన్న పల్లెలో మా తమ్ముని కుటుంబం ఉన్నది. "అన్నా, వదినను తీసుకొని ఒకసారి రాండి. పాప చదువు సంగతి తేల్చాల" అని వాడు ఫోను చేశాడు. మేమిద్దరమూ బడిపంతుళ్లుగా పనిచేసి విరమించినవారము గనుక మా మాట మీద వారికి గురి.

నంద్యాలలో హోలీ క్రాస్ దేవాలయాన్ని చూసి, ఎస్.పి.జి. హైస్కూలు ముందు కాసేపు నిలబడ్డాము. 1701లో లండనులో స్థాపించబడిన ఎస్.పి.జి. సంఘం వారి మిషనెరీలు 19వ శతాబ్దంలో ఈ సీమకు వచ్చారు. ఆళ్లగడ్డకు అవతలనున్న ముత్యాలపాడులోను, కలసపాడులోను, నంద్యాలలోను పని సాగించారు. ఊరి బడి గడప తొక్కనివ్వని మాల మాదిగ పిల్లలకు ఆనాడు పలక పట్టించినది మిషను బడే. పగలు బడి, రాత్రి ప్రార్థన. రెంటికీ ఒక్కడే ఉపదేశి. జీతం కొంచెము, పని కొండంత. మన కుటుంబాలలో మొదటి సంతకం పెట్టిన తాత ఎవరని వెదికితే, ఆయన వెనుక ఇటువంటి ఉపదేశి ఒకరు కనబడతారు.

నంద్యాలకు చదువుతో మరొక బంధమున్నది. 1991లో ఇక్కడి ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లిన పి.వి. నరసింహారావు గారు, అంతకుముందు కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్న కాలంలోనే 1986 జాతీయ విద్యావిధానం వచ్చింది. నవోదయ విద్యాలయాలు అప్పుడే మొదలైనవి. ఆయన ప్రధానిగా ఉండగా 1995 ఆగస్టు 15న దేశమంతటికీ మధ్యాహ్న భోజన పథకం ప్రారంభమైనది. మన రాష్ట్రంలో వండిన అన్నం పెట్టడం 2003లో మొదలైనది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మన రాష్ట్రంలోని ఐదు జిల్లాలలో ఆరంభమైనప్పుడు వాటిలో కర్నూలు ఒకటి. నంద్యాల అప్పుడు కర్నూలు జిల్లాలోనిదే. ప్రత్యేక జిల్లా అయినది 2022 ఏప్రిల్‌లో.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు బస్సులో గంట ప్రయాణం. ఎడమ ప్రక్క దూరాన నల్లమల కొండలు, ఇరువైపుల నల్లరేగడి చేలు. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ చేరేసరికి రోడ్డు ప్రక్కన శిల్పుల ఉలి చప్పుడు వినవచ్చింది. పసుపు రంగు ప్రైవేటు బడి బస్సులు ఒకదాని వెనుక ఒకటి మమ్మును దాటిపోయినవి.

మా తమ్ముని పల్లెలో రెండు గదుల ప్రభుత్వ బడి ఉన్నది. 2022లో వచ్చిన 117వ నంబరు జీవో ప్రకారం 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లలో కలిపారు. చిన్న తరగతుల నుండే సబ్జెక్టుకొక టీచరు ఉండాలన్నది ఉద్దేశం. ఉద్దేశం చెడ్డది కాదు. అయితే ఈ పల్లె పిల్లలు లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. కూలికి పోయే తల్లి రోజూ దాటించగలదా? కొందరు అప్పు చేసి ప్రైవేటు బస్సు ఎక్కించారు. 2025లో ఆ జీవోను రద్దు చేసి, మళ్లీ ఐదవ తరగతి దాకా పల్లెలోనే ఉండవచ్చునన్నారు. తరగతికొక టీచరుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు కూడా పెట్టారు గాని వాటికి పిల్లలు ఎక్కువమంది కావాలి. మా తమ్ముని పల్లెబడికి తరగతులు తిరిగి వచ్చినవి. పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. పదిహేనుమంది పిల్లలు, ఒక్క పంతులమ్మ. మా పాప మూడవ తరగతి.

ఈ తగువు మన ఒక్క దేశానిదే కాదు. అమెరికాలో 1930 ప్రాంతంలో ఒకే టీచరున్న బడులు దాదాపు లక్షా యాభై వేలు ఉండేవి. పెద్ద బడులలో కలుపుతూ పోగా 1970 నాటికి రెండువేల లోపు మిగిలినవి. ప్రభుత్వ సొమ్ముతో పేద పిల్లలను ప్రైవేటు బడికి పంపే పద్ధతి మిల్వాకీ నగరంలో 1990లో మొదలైనది. దాని మీద వాదం నేటికీ చల్లారలేదు. 2002లో సంతకమైన చట్టం మూడు నుండి ఎనిమిదవ తరగతి వరకు ప్రతి ఏడూ పరీక్ష పెట్టమన్నది. పరీక్ష కోసమే చదువా అని తల్లిదండ్రులు మొరపెట్టగా 2015లో మరొక చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం పేరిట తల్లుల ఖాతాలో వేసిన సొమ్ము, పిల్లలు ఏ బడిలో చదివినా అందినది.

రాత్రి భోజనాల తరువాత కోడలు మా ప్రక్కన కూర్చున్నది. "పెదమామా, పెద్దత్తా, మీరు పిల్లోళ్లకు చదువు చెప్పినోళ్లు. ఇంగ్లీషు బడి బస్సు ఎక్కించమంటారా, ఈడనే ఉంచమంటారా? నెలాఖరుకు చెప్పల్ల."

పాపను పుస్తకం తెమ్మన్నాము. ఒక ప్రక్క తెలుగు, ఎదురు ప్రక్క ఇంగ్లీషు ఉన్న ప్రభుత్వ పుస్తకం. పాప ఇంగ్లీషు పేజీ గడగడ చదివింది. "ఏమున్నది తల్లీ ఇందులో?" అంటే తల దించుకొన్నది. తెలుగు పేజీ కూడబలుక్కుంటూ చదివి, పుస్తకం మూసి, చెరువు కథ అంతా చేతులు తిప్పుతూ చెప్పింది. కోడలు అది చూచి నవ్వి, వెంటనే దిగులుగా, "అయినా రేపు ఇంగ్లీషు రాకుంటే ఎవరు పని ఇస్తారు పెద్దత్తా?" అన్నది.

మాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే మా ఇద్దరు పిల్లలను మేము ఇంగ్లీషు మీడియంలోనే చదివించుకొన్నాము. మేము పాఠం చెప్పిన బడిలో వారిని చేర్చలేదు. ఆ మాట ఆ రాత్రి కోడలి ముందు ఒప్పుకొన్నాము. పల్లెబడి పల్లెవాళ్లకు చాలునని చెప్పే హక్కు మాకు లేదు.

మరునాడు బడికి వెళ్లాము. పంతులమ్మ పదిహేనుమందినీ పేరు పెట్టి పిలుస్తున్నది. ఎవరి ఇంట్లో జ్వరమో, ఎవరి తల్లి మిరపచేనికి పోయినదో ఆమెకు తెలుసు. అయిదు తరగతులు ఒక్కతే ఎట్లా నెట్టుకొస్తున్నదని అడిగితే, "సాయంత్రం ఒక గంట ఎవరైనా పిల్లలతో చదివిస్తే చాలు సార్" అన్నది. ఆ నెల 10న రాష్ట్రమంతటా జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి తమ ఊరివారు అయిదుగురే వచ్చారనీ చెప్పింది.

ఆ మాట మా తమ్ముని గుచ్చుకొన్నది. వాడు ఆ అయిదుగురిలో లేడు. ఆదివారం ఆరాధన తరువాత సంఘ పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడాడు. గుడి వసారాలో రోజూ సాయంత్రం దీపం పెట్టి పిల్లలచేత తెలుగు, ఇంగ్లీషు రెండూ చదివించాలనీ, ఇంటరు చదివిన ఇద్దరు యౌవనస్థులు ఆ పని చేయాలనీ అనుకొన్నారు. కోడలు పాపను ఈ ఏడాది పల్లెబడిలోనే ఉంచుతానన్నది. "వచ్చే ఏడు మళ్లా చూస్తాం" అని కూడా అన్నది. ఆ తల్లి అట్లా అనడంలో తప్పు లేదు.

ప్రియ పాఠకులారా, జీవోలు వస్తాయి, పోతాయి. మీ ఊరి బడిలో ఎంతమంది పిల్లలున్నారో, టీచరు పేరేమిటో మీకు తెలుసునా? చిన్నబిడ్డలను దగ్గరకు తీసుకొన్న ప్రభువును నమ్మిన మనము ఆ సంగతి తెలుసుకొనకుండా ఉండరాదు. ఒక్క సాయంత్రం బడి వైపు నడవండి. ఒక బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఒక పేజీ చదివించి వినండి.

తిరుగు రైలులో నల్లమల సొరంగం వచ్చినప్పుడు పిల్లలు మళ్లీ కేకలు వేశారు. ఈసారి మేమిద్దరమూ నవ్వుకొన్నాము.